పిట్ట ముట్టేదాకా

పిట్ట రావడం లేదు. ముత్తయ్య మామ బొంద మట్టి ముందు నిలబడి గొంతు పోయేలా కా కా అని పిలుస్తున్నాడు, ఇస్తరాకులో అమ్మకు ఇష్టమైనవన్నీ ఎండకు వాడిపోతున్నాయి, చుట్టాలందరూ చేతులు కట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నారు, రాఘవేందర్ మాత్రం అందరికంటే వెనక, కాస్త ఎత్తు మీదున్న తుమ్మచెట్టు పక్కన, ముఖానికి తువ్వాల చుట్టుకుని నిలబడ్డాడు. దుమ్ముకు కట్టుకున్నాడని అనుకుంటున్నారేమో, అనుకోనీ. కాకులు తనను గుర్తుపడతాయని, గుర్తుపట్టి మరీ తిడతాయని ఈ సమయంలో ఎవరితో చెప్పగలడు. యాభై దాటిన మనిషి, తల్లి చచ్చిన మూడో రోజున, కాకికి భయపడి ముఖం దాచుకున్నాడంటే నవ్వరూ? నవ్వితే నవ్వనీ గానీ కాకి రావాలి. అది వచ్చి ఒక్క మెతుకు ముడితే తప్ప ఇక్కడ ఎవరూ ఎంగిలి పడకూడదు. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోయినట్టు, అదేమిటో బతికున్నవాళ్లు కనుక్కుని తీరుస్తామని మాటివ్వాలి. పిల్లలు అప్పుడే ఆకలని గునుస్తున్నారు, ముసలివాళ్లు ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. ఎయిర్‌పోర్టు గోడకు అవతలి నుంచి విమానం ఒకటి లేచి అందరి తలల మీదుగా పోయింది.

అసలు ఈ ఇస్తరాకు అమ్మకు వేయాల్సింది కాదు. మూడు రోజులైనా రాఘవేందర్ బుర్రకు ఎక్కనిది అదే. ఇంట్లో అందరూ సిద్ధపడి ఉన్నది బాపు కోసం. పెంటయ్యకు పక్షవాతం వచ్చి కుడి పక్కంతా చచ్చుబడి, మాట పోయి, ఏళ్లయింది, ప్రతి చలికాలం ఇదే ఆఖరిదనుకుంటూ వచ్చారు, అమ్మ అయితే శంషాబాద్ పోయి తెల్లటి కొత్త బట్ట తెచ్చి సందుక అడుగున దాచింది కూడా, అప్పటికప్పుడు పరేషాన్ కావొద్దు బిడ్డా అని. ఆ బట్టనే మొన్న అమ్మ మీద కప్పారు. మొగుడి కోసం కొని పెట్టుకున్న బట్టలో తను పోయింది. తెల్లారి లేచి, వాకిలి ఊడ్చి, నల్లా దగ్గర బిందె పెట్టి, అట్లా ఇంటి గోడకు ఆనుకుని కూర్చుంది తారాబాయి, కూర్చున్నది మళ్లీ లేవలేదు. దగ్గు లేదు, జ్వరం లేదు, ఒక్క రోజు దవాఖాన ముఖం చూసింది లేదు. బిందె నిండి నీళ్లు వాకిలంతా పారుతుంటే, బాపును చూసుకునే బుధ్‌రామ్ వచ్చి చూశాడట. రాఘవేందర్ అప్పుడు డ్యూటీలో ఉన్నాడు, గోడకు అవతల, విమానాలకు అడ్డం రాకుండా పిట్టలను కొడుతూ. ఇల్లు అక్కడి నుంచి కనబడుతుంది, కనబడే దూరంలోనే అమ్మ పోయింది, తను ఆ సమయంలో టపాసు పేల్చి ఒక కొంగల గుంపును లేపి, అవి లేచిన తీరు చూసి ముచ్చటపడ్డాడు కూడా.

ఆ రోజు నుంచి చూసినవన్నీ అట్లాంటివే, ఒకటి తేరుకునేలోపు ఇంకొకటి. పాడె ఎత్తడానికి నలుగురు దొరకలేదు. ఊళ్లో మనుషులు లేక కాదు, ప్రతి అరుగు మీదా ఉన్నారు, అందరూ అమ్మ ఈడువాళ్లే, లేచి నిలబడటానికే ఇంకొకరు చెయ్యి ఇవ్వాల్సినవాళ్లు. పడుచువాళ్లు కొందరు క్యాబుల మీద, కొందరు కార్గోలో, కొందరు సామాన్లు మోసే దగ్గర, షిఫ్టు మధ్యలో వదలరన్నా, దినాల నాడు వస్తమన్నా అని ఫోన్లు. తవ్వేవాళ్లు లేక జేసీబీని పిలిచారు, అది ఒక్క పట్టు పట్టి గొయ్యి తీసి, కిరాయి పనికి ఇంకో చోటికి పోవాలని అక్కడే మోటారు ఆపకుండా నిలబడింది. చివరికి అమ్మను మోసింది ఎవరు? ముందు రాఘవేందర్, అతని పక్కన బుధ్‌రామ్, వెనక పూలతోట పందిళ్లలో పనిచేసే ఇద్దరు ఒడియా పిల్లగాళ్లు. వాళ్ల పేర్లు కూడా తెలియవు. సగం దారిలో నడుము పట్టేసి రాఘవేందర్ భుజం మార్చుకుందామని వెనక్కి చూస్తే, మార్చుకోవడానికి మనిషి లేడు. ఎంత పెద్ద ఊరు, ఎంత మంది చుట్టాలు, ఒక్క భుజం లేదు.

ముత్తయ్య మామకు ఓపిక సన్నగిల్లుతోంది. అమ్మకు తమ్ముడు, పుట్టింటి పెద్ద, ఈ పూట అతని మాటే చెల్లుతుంది. "ఒక్కొక్కలు వచ్చి అక్కకు మాటియ్యుండ్రి," అన్నాడు. "ఏదో మనసుల వెట్టుకున్నది. లేకుంటే గింతసేపా?"

ముందు చెల్లె సుమలత పోయింది. రాజేంద్రనగర్ నుంచి మొన్న ఏడుస్తూ దిగిన మనిషి ఇంకా ఏడుస్తూనే ఉంది. "అమ్మా, నెలకోసారన్న వచ్చి బాపును చూసిపోత, పిట్టవై రా అమ్మా," అని మొక్కింది. గోడ మీద ఒక కాకి వాలింది. అంతలో అవతల పిట్టలను బెదరగొట్టే గ్యాస్ గన్ ధన్‌మని పేలింది, కాకి లేచి ఎటో పోయింది, సుమలత అక్కడే కూలబడింది. నెలకోసారట, అని రాఘవేందర్ మనసులో అనుకున్నాడు, అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు, దానికి మాత్రం ఇంట్లో మంచం పట్టిన అత్త లేదూ. ఇంటికొక మంచం. ఎత్తేవాళ్లే లేరు. ఈ పేల్చింది అమ్మార్. డ్యూటీలో తన జోడీ. తను సెలవు పెట్టాడు కాబట్టి ఈ రోజు ఒక్కడే జీపులో తిరుగుతుంటాడు, గోడ ఇవతల ఏం జరుగుతోందో అతనికి తెలియదు, తెలిసినా ఆపడానికి లేదు, ఒక్క పిట్ట ఇంజనులో పడితే ఎన్ని ప్రాణాలు. అమ్మకు రాఘవేందర్ ఎన్నిసార్లు చెప్పాడు ఈ మాట. వినేదా? "జొన్న చేను కాడ నేను గూడ కొట్టిన పిట్టల్ని, కడుపు కోసం కొట్టిన గాని గిట్ల బెదరగొట్టి ఊరే ఇడిచిపెట్టేటట్టు చేసిన్నా?" అనేది. నిజమే, అదే నేల. రన్‌వే కొస దగ్గర వాళ్ల జొన్న చేను ఉండేది, మంచె మీద నిలబడి అమ్మ వడిసెల తిప్పితే రాయి గాలిలో పాడుకుంటూ పోయేది, చిన్న రాఘవేందర్ మంచె కింద కూర్చుని కాల్చిన పచ్చికంకుల ఊచబియ్యం నములుతూ లెక్కపెట్టేవాడు ఎన్ని లేచాయని. భూమి పోయింది, మంచె పోయింది, పిట్టలు కొట్టే పని మాత్రం కొడుక్కి మిగిలింది, అదీ యూనిఫాంతో. పెద్ద ఉద్యోగమే పట్టినవురా అని నవ్వేది అమ్మ. డ్యూటీ దిగి వస్తుంటే కాకులు ఇంటిదాకా వెంటబడి అరిస్తే, "ఇగో, నీ చుట్టాలొచ్చిండ్రు," అని వాటికి ఇంత అన్నం పడేసేది. కొడుకు తరిమినవాటికి తల్లి అన్నం పెట్టింది ఇన్నాళ్లూ. ఇప్పుడు ఆమెకు పెట్టింది తినడానికి ఒక్కటీ రావడం లేదు, నా వల్లనే, అనుకున్నాడు, తువ్వాల ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

తర్వాత కవిత వంతు. రాఘవేందర్ భార్య, విమానాల్లో పెట్టే తిండి డబ్బాల్లో సర్దే పని, చల్లగదిలో నిలబడీ నిలబడీ ఆమె వేళ్లు ముడుచుకుపోయాయి, ఇంట్లో చెంబు పట్టుకోవడమే కష్టం. ఆమె పోయి ఇస్తరాకు ముందు నిలబడి ఏమీ అనలేదు. ఏమంటుంది? మామను నేను ఎత్తుతాను, కడుగుతాను అంటే అది అబద్ధమని అత్తకే ముందు తెలుస్తుంది. ఊరికే దండం పెట్టి, వెనక్కి వచ్చి రాఘవేందర్ పక్కన నిలబడి, పెదవులు కదపకుండా అడిగింది, "పొద్దుమీకి బుధ్‌రామ్ పోతే మామకు రాత్రి బట్టలెవరు మారుస్తరు?" మూడు రోజులుగా ఇద్దరూ ఒకరినొకరు అడగకుండా తప్పించుకున్న మాట. అమ్మకు మిగిలిన కోరిక ఏదో ఇక్కడ తెలియనిదెవరికి? కాకి వచ్చి చెప్పాలా?

బుధ్‌రామ్ పెంటయ్య కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు, రాఘవేందర్‌కు చెయ్యి చాపితే అందేంత దూరంలో. కుర్చీలో బాపు, తెల్ల బనియను, దువ్విన తల. ఇవాళ కూడా గడ్డం గీసి తీసుకొచ్చాడు. జార్ఖండ్‌లో గుమ్లా అవతల ఏదో ఊరు, నాట్లు వేసే గుంపుతో వచ్చాడు, ఇక్కడి మనుషులు నాట్లు మానేసి ఎంతకాలమైంది, వాళ్లు రాకపోతే మడి పడావే, బీడే. ఒకరోజు బాపు మంచం మీది నుంచి పడితే ఎత్తడానికి పొలంలోంచి ఇతన్ని పిలిచారు. చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తాడు. అమ్మ చూసింది, ఆ పూట అన్నం పెట్టింది, మరునాడు మళ్లీ పిలిచింది, ఇగ నాట్లేమేస్తవురా, ఈడనే ఉండు అంది. అట్లా ఉండిపోయాడు. పొద్దున్నే బాపును కడిగి, కుర్చీలో కూర్చోబెట్టి, ఈ తుమ్మచెట్టు దగ్గరికి తోసుకొస్తాడు, ఇద్దరూ గోడ మీదుగా విమానాలను, జీపును, పిట్టలను చూస్తూ గంటలు గంటలు కూర్చుంటారు, ఏం మాట్లాడుకుంటారో, బాపుకు మాటే లేదాయె. తెలుగంతా అమ్మ దగ్గర నేర్చాడు, అమ్మలాగే తిడతాడు కూడా. ఇతనికీ ఒక అమ్మ ఉంది. కళ్లు కనబడవు. ఇన్నాళ్లూ చూసుకున్న చెల్లెలికి పెళ్లయిపోయింది, ఇప్పుడు ఒక్కతే, పొయ్యి దగ్గరికి పోతే చెయ్యి కాల్చుకుందట. నెల కిందే చెప్పాడు, పోతానన్నా, ఇగ రాలేను అని. అమ్మే ముందు సరేనంది. "పోవాలె బిడ్డ, కన్నతల్లి కాదా," అంది, తన పాత శాలువ ఆమెకని మూటగట్టి ఇచ్చింది. అమ్మ పోగానే బండి టికెట్ మార్చుకుని ఇవాళ్టి దాకా ఆగాడు, పిట్ట ముట్టినంక పోత అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడు. రాఘవేందర్ బుద్వేల్‌లో మనుషులను పంపే ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగాడు, అక్కడి పిల్ల కంప్యూటర్ చూసి ముసలివాళ్లకయితే ఎవ్వరూ లేరు సార్, నేపాల్ నుంచి వస్తే ఫోన్ చేస్తం అంటుంది, పేరు రాసుకుంటుంది. నేపాల్‌లో ముసలివాళ్లు ఉండరా? వాళ్లకు ఎవరు పెడతారు ముద్ద? ఈ ఆలోచన రాగానే దాన్ని పక్కకు నెట్టేశాడు. దాని వెంట పోతే ఎక్కడా ఆగదని భయమేసింది.

అప్పుడు జీపు కనబడింది. ఎత్తు మీద నిలబడ్డాడు కదా, గోడ మీది తీగల సందుల్లోంచి జీపు నెత్తిన తిరిగే పసుపు దీపం స్పష్టంగా కనిపించింది. ఇటు కొస నుంచి మళ్లి అటు కొసకు పోతోంది. పెద్ద విమానం దిగే ముందు అట్లాగే పోతుంది, పోతే అది దిగి పక్కకు తప్పుకునేదాకా ఇటు రాదు. జీపు పోయిందంటే ఇటు పక్క చప్పుడు ఉండదు. చప్పుడు లేకపోతే కాకులు వస్తాయి, రాక మానవు, ఇన్నేళ్లుగా చూస్తున్నాడు, జీపు వీపు చూపించగానే అవి గోడ మీద వరుసగా వాలి లోపలా బయటా తిండి వెతుక్కుంటాయి. ఇంకాసేపట్లో కాకి వస్తుంది. ఎవరు మాటిచ్చినా వస్తుంది, ఎవరూ ఇవ్వకపోయినా వస్తుంది. ఈ సంగతి ఇంతమందిలో తనకొక్కడికే తెలుసు. పసుపు దీపం చిన్నదవుతోంది. రాఘవేందర్ ముఖం మీది తువ్వాల తీసేశాడు. ఎందుకు తీశాడో తనకే తెలియదు, మాట దానంతటదే పైకి వచ్చింది, చాలా మామూలుగా, పనివాణ్ణి టీ తాగావా అని అడిగినంత మామూలుగా వచ్చింది.

"మామా, బుధ్‌రామ్‌ను అడగలే."

ముత్తయ్య ముఖం వెలిగింది. "అవునురా! ఆఖరుకు అక్క నోట్ల నీళ్లు వోసినోడు వాడే గదా. రా బిడ్డ, నువ్వు గూడ ఇంటోనివే, వచ్చి ఒక్క మాట చెప్పు. బాపును ఇడిచి పోనని చెప్పు. అక్క పానం దాని మీదనే కొట్టుకుంటున్నది."

బుధ్‌రామ్ కదలలేదు. రాఘవేందర్ వైపు చూశాడు. ఆ చూపును తప్పించుకోవడానికి రాఘవేందర్ గోడ వైపు చూశాడు. చుట్టాలంతా ఇటు తిరిగారు, ఆకలి మీదున్నారు, ఎవరో ముసలామె పోరాదయ్యా, అమ్మకాడ గంత తిన్నవు అంది. గంత తిన్నవు. మేమేం తినలేదా ఆమె చేతివి, అనాలని ఉంది, నోరు రాలేదు. ఇప్పుడైనా ఆపొచ్చు, ఊరుకో మామా, అతని బండికి టైమవుతోంది అనొచ్చు, రెండు మాటలు. అవి నాలుక చివరిదాకా వచ్చి, రాత్రి బాపు పక్క తడిసిపోయిన వాసన, ఎత్తబోతే తన నడుములో కలుక్కుమన్న నొప్పి, కవిత ముడుచుకుపోయిన వేళ్లు, అన్నీ ఒక్కసారి అడ్డం పడి ఆగిపోయాయి. బుధ్‌రామ్ చెప్పులు విడిచాడు. పోయి మోకాళ్ల మీద కూర్చుని మట్టి మీద అరచెయ్యి పెట్టాడు.

"అమ్మా, బాపును ఇడిచి పోను."

కాకి వచ్చింది. గోడ మీద వాలింది, అటూ ఇటూ చూసింది, దుమికి ఇస్తరాకు అంచున నిలబడి, కార్జం ముక్క ముక్కున పట్టుకుని పోయింది. వెనకే ఇంకోటి, ఇంకోటి. ముట్టింది ముట్టింది అని కేకలు. సుమలత ఏడుస్తూ నవ్వింది, ముత్తయ్య చెంపలేసుకుని, "చూసినవారా, నీ మాటకే వచ్చింది!" అని బుధ్‌రామ్ భుజం తట్టాడు. బుధ్‌రామ్ ఆ మట్టి ముందు నుంచి లేవలేదు. కాకి పోయిన దిక్కుకే చూస్తున్నాడు, నోరు కాస్త తెరుచుకుని ఉంది, నిజంగానే అమ్మ వచ్చి తన మెడకు తాడు వేసి పోయినట్టు నమ్మేశాడు. ఇంత సులువా? ఒక మనిషిని ఇట్లా కట్టేయడం ఇంత సులువా? కేకలు వేయలేదు, తిట్టలేదు, కొట్టలేదు, ఒక్క మాట, సమయం చూసి. పిట్టలను ఎప్పుడు లేపాలో, ఎప్పుడు వదలాలో నేర్పిన ఉద్యోగం అమ్మ బొంద మీద ఇట్లా పనికొచ్చింది. అక్కడెక్కడో ఒక గుడ్డిది పొయ్యి తడుముకుంటూ కొడుకు అడుగుల కోసం చెవులు రిక్కించి ఉంటుంది. ఛీ, నేనేనా, అనుకున్నాడు. చేతులు చూసుకున్నాడు, అవి తనవే.

ఇస్తరాకులు వేశారు. అలవాటు ప్రకారం బుధ్‌రామ్ పళ్లెంలో అన్నం మెత్తగా పిసికి, కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, ముద్ద బాపు నోటికి అందించాడు. పెంటయ్య నోరు తెరవలేదు. తిను బాపు, పిట్ట ముట్టింది అన్నాడు బుధ్‌రామ్. పెదవులు బిగించి తల పక్కకు తిప్పుకున్నాడు ముసలాయన. మళ్లీ పెడితే మంచిగున్న ఎడమచేత్తో పళ్లేన్ని నెట్టేశాడు. ఇన్నేళ్లలో అతని చేతి ముద్దను కాదనడం ఎవరూ చూడలేదు. అందరూ పెళ్లాం పోయిన దుఃఖం అనుకున్నారు. పెంటయ్య ఆ చెయ్యే ఎత్తి, వేలితో గోడ వైపు చూపించాడు, అటు కొసకు, జీపు పోయిన దిక్కుకు. తర్వాత ఆ వేలిని మెల్లగా తిప్పి కొడుకు మీద నిలిపాడు.

ప్రతి పొద్దూ ఈ చెట్టు దగ్గరే కూర్చుంటాడు కదా బాపు. మాట పోయింది గానీ కళ్లు పోయాయా? జీపు పోతే పిట్ట వస్తుందని తనకొక్కడికే తెలుసని ఎట్లా అనుకున్నాడు? రాఘవేందర్ దగ్గరికి పోయి, బుధ్‌రామ్ చేతిలోంచి పళ్లెం తీసుకుని, తను ముద్ద కలిపి పెట్టాడు. బాపు దానికీ నోరు తెరవలేదు. కళ్లు కొడుకు కళ్లలోనే ఉన్నాయి, కోపం లేదు వాటిలో, కోపమే ఉంటే బాగుండేది. ముద్ద పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"కాకి నీ మాటకు రాలే, బుధ్‌రామ్," అన్నాడు రాఘవేందర్. "జీపు అటు దిక్కు పోయిందని వచ్చింది. నాకు తెలుసు. తెలిసే నిన్ను అడగమన్న. మా అమ్మ నిన్ను పొమ్మన్నదే. నువ్వు బండెక్కు."

ముత్తయ్య చేతిలో ముద్ద అట్లాగే ఆగింది. కవిత రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎవరైనా తిట్టినా బాగుండునని రాఘవేందర్ అనుకున్నాడు. బుధ్‌రామ్ అతని ముఖంలోకి చూసి, "మరి రాత్రి ఎవరు చూస్తరన్నా?" అన్నాడు.

"తెల్వదు. నువ్వైతే పో."

పెంటయ్య నోరు తెరిచాడు. రాఘవేందర్ ముద్ద పెట్టాడు, అది నోట్లో నిలవలేదు, జారి గడ్డం మీదుగా బనియను మీద పడింది. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి, తండ్రి నోరు ఎటుపక్క పనిచేస్తుందో తనకు తెలియదు. అటు కొస నుంచి జీపు వెనక్కి మళ్లింది, ధన్‌మని గ్యాస్ గన్ పేలింది, ఇస్తరాకు మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. బుధ్‌రామ్ తువ్వాలతో బాపు గడ్డం తుడిచి, రాఘవేందర్ మణికట్టు పట్టుకుని ఇటు జరిపాడు.

"ఎడమ దిక్కు పెట్టన్నా. చిన్నగ. మింగిందాక ఆగాలె."